రహస్యానికీ అర్ధాయువు ఉంటుంది

ఒక పాఠకురాలు ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగారు. లోకాన్ని కొద్దిమంది తెర వెనుక నుంచి నడిపిస్తున్నారన్న కుట్ర సిద్ధాంతాలను బాగా చదువుకున్నవారు కూడా ఎందుకు నమ్ముతారన్నది మొదటిది. అలా నడిపించేవారు నిజంగానే లేరని ఎలా చెప్పగలరన్నది రెండవది. మొదటి ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో సమాధానాలు చాలానే ఉన్నాయి, వాటిని త్వరగా ముగిస్తాను. కొన్ని వారాలుగా నన్ను వదలకుండా పట్టుకున్నది రెండవ ప్రశ్న. దాని వెంట నడిస్తే దారి భౌతిక శాస్త్రంలోకీ, అక్కడి నుంచి ఒక ఉక్కు పట్టణంలోకీ తీసుకుపోతుంది.

1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చలనచిత్రం తయారు చేశారు. అందులో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, తలుపులాగా తెరుచుకుని మూసుకునే గీత ఉన్న ఒక దీర్ఘచతురస్రం, అంతే. ఏం చూశారో రాయమని అడిగితే, మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరు మాత్రమే ఆకారాలు కదిలాయని రాశారు. మిగిలినవారికి అక్కడ ప్రాణులు కనిపించాయి, వాటి మధ్య తగాదాలూ భయాలూ ప్రేమలూ కనిపించాయి. కర్త లేని క్రియను మన మనసు ఒప్పుకోదు. ధరలు పెరిగినా, వ్యాధి వ్యాపించినా, ఒక నాయకుడు హత్యకు గురైనా, దానికి కర్త ఎవరని అడిగిన తరువాతే మిగతా ఆలోచన మొదలవుతుంది.

ఈ వెతుకులాట అన్ని వేళలా ఒకే తీవ్రతతో ఉండదు. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల మత్స్యకారులు తీరంలోని ప్రశాంతమైన మడుగులో వేటాడేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరనీ, అపాయమూ అనిశ్చితీ నిండిన నడిసముద్రంలో వేటకు వెళ్ళేటప్పుడు మాత్రం విస్తారమైన తంతు జరుపుతారనీ మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ గమనించాడు. 2008లో జెన్నిఫర్ విట్సన్, ఆడమ్ గలిన్‌స్కీ దాదాపు ఇదే సంగతిని ప్రయోగశాలలో చూపించారు: పరిస్థితి తమ చేతిలో లేదన్న భావన కలిగించినప్పుడు, ఏ బొమ్మా లేని చుక్కల గందరగోళంలో మనుషులకు బొమ్మలు కనిపించాయి, మామూలు సంఘటనల వెనుక కుట్రలూ కనిపించాయి. మూఢనమ్మకాన్ని ఎగతాళి చేసి పోగొట్టవచ్చని అనుకునే ఉపాధ్యాయులు ఈ ఫలితాన్ని శ్రద్ధగా చదవాలని నా కోరిక. ఎగతాళి ఎదుటివారి చేతిలో ఉన్న కొద్దిపాటి పట్టును కూడా లాగేసుకుంటుంది, దానితో నమ్మకం మరింత బిగుస్తుంది.

2012లో కెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకా విచిత్రమైనదాన్ని కనుగొన్నారు. యువరాణి డయానాను హత్య చేశారని నమ్మే మొగ్గు ఎక్కువగా ఉన్నవారిలోనే, ఆమె తన చావును తానే నటించి తప్పించుకుందని నమ్మే మొగ్గు కూడా ఎక్కువగా ఉంది. ఒకే మనిషి చనిపోయి, బతికి ఉండటం అసాధ్యం. కానీ ఆ రెండు నమ్మకాలకూ మూలంలో ఉన్నది ఒక్కటే: అధికారంలో ఉన్నవారు ఏదో దాస్తున్నారు. ఆ మూలం కదలనంత వరకు పైనున్న కథలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా ఎవరికీ ఇబ్బంది కలగదు.

ఆ మూలాన్ని ఉత్త భ్రమ అని కొట్టివేయలేం. 1953 డిసెంబరులో అమెరికా పొగాకు సంస్థల అధినేతలు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో సమావేశమయ్యారు. మరుసటి నెలలో 400కు పైగా పత్రికల్లో ప్రకటన వేసి, సిగరెట్టుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద దశాబ్దాల పాటు సాగిన సందేహ ప్రచారానికి నాంది పలికారు. ఆ సంస్థలు ప్రజలను మోసగించాయని 2006లో ఒక ఫెడరల్ న్యాయస్థానం తేల్చి చెప్పింది. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం సీఐఏ అబోటాబాద్‌లో బూటకపు హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించింది. అది బయటపడిన తరువాత పాకిస్థాన్‌లో పోలియో టీకాల మీద అనుమానం మరింత ముదిరింది. ఇక్కడ నిప్పు లేనిదే పొగ రాలేదు. కాబట్టి కుట్రలు జరుగుతాయా అని అడగడం దండగ. ఎంత పెద్ద కుట్ర, ఎంత కాలం నిలుస్తుందన్నది అసలు ప్రశ్న, దానికి లెక్క ఉంది.

రేడియోధార్మికతను గుర్తు చేసుకోండి. ఒక కార్బన్-14 పరమాణువును ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే, అది ఈ క్షణంలో క్షయమవుతుందో, పదివేల ఏళ్ళు అలాగే ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అయినా జీవపదార్థం నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో నిమిషానికి సుమారు 14 పరమాణువులు క్షయమవుతాయనీ, కార్బన్-14లో సగం తరిగిపోవడానికి దాదాపు 5,730 ఏళ్ళు (దీన్నే అర్ధాయువు అంటారు) పడుతుందనీ ధైర్యంగా చెప్పగలం. ఒక్కదాని విషయంలో ఏమీ తెలియకపోయినా, గుంపు విషయంలో కచ్చితత్వం సాధ్యమవుతుంది. రహస్యం తెలిసిన మనిషిని అలాంటి పరమాణువుగా ఊహించండి. అంతరాత్మ పొడవడం వల్లనో, కోపం వల్లనో, మద్యం మత్తులోనో, మరణశయ్య మీదనో, ఎప్పుడో ఒకప్పుడు అతడు నోరు విప్పవచ్చు. ఎవరు, ఎప్పుడు అన్నది తెలియదు. కానీ రేటు ఉంటుంది.

ఆ రేటును 2016లో డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త అంచనా వేశాడు. నిజంగా జరిగి బయటపడిన మూడు ఉదంతాలను, వాటిలో 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన అమెరికా ప్రభుత్వ నిఘా కార్యక్రమం ఒకటి, ఆధారంగా తీసుకుని, కుట్రదారులకు అత్యంత అనుకూలమైన విలువను ఎంచుకున్నాడు: రహస్యం తెలిసిన ప్రతి పది లక్షల మందిలో ఏడాదికి దాదాపు నలుగురు బయటపెడతారు. ఇది చాలా ఉదారమైన అంచనా. ఇప్పుడు చంద్రుడి మీద కాలు మోపడం బూటకమని అనుకుందాం. 1965లో కాంట్రాక్టు సంస్థల సిబ్బందితో కలిపి నాసా కోసం పనిచేసినవారు సుమారు 4,11,000 మంది. గుణిస్తే ఏడాదికి 1.64 వెల్లడులు. ఎవరూ నోరు విప్పకుండా ఒక ఏడాది గడిచే సంభావ్యత 19 శాతం, రెండేళ్ళు గడిచేది 4 శాతం కన్నా తక్కువ, పదేళ్ళు గడిచేది కోటిలో ఒక వంతు కన్నా తక్కువ. 2 యొక్క సహజ సంవర్గమానమైన 0.693ను 1.64తో భాగిస్తే ఆ రహస్యపు అర్ధాయువు వస్తుంది: సుమారు అయిదు నెలలు. గ్రైమ్స్ వాడిన సమీకరణం దీనికి కొంత భిన్నమైనది. అది కూడా నాలుగేళ్ళ లోపే రట్టవడానికి 95 శాతం అవకాశం ఉందని చెబుతుంది.

ఈ లెక్క రెండువైపులా పదునున్న కత్తి. ఇదే రేటుతో 500 మందికి తెలిసిన రహస్యపు అర్ధాయువు సుమారు 346 ఏళ్ళు, పదిమందికి తెలిసినదానికి 17,000 ఏళ్ళ పైమాటే. అంటే చిన్న కుట్రలు నిలుస్తాయి. ఒక గదిలో పట్టేంతమంది కలిసి చేసిన మోసాన్ని ఈ గణితం తోసిపుచ్చదు. బడిలో అర్ధాయువు పాఠం చెప్పేటప్పుడు యురేనియం, థోరియం పట్టికలతో పాటు ఈ లెక్కను కూడా పిల్లల చేత చేయించాలని నేను గట్టిగా అనుకుంటాను. ఒకే నిష్పత్తిలో తరుగుతూ పోయే ఘాతీయ ప్రమేయం పుస్తకం దాటి బతుకులోకి వచ్చే చోటు ఇదే.

పోలికను చివరిదాకా లాగితే అది ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. గ్రైమ్స్ రేటు బయటపడిన కుట్రల నుంచి మాత్రమే వచ్చింది. వలలో పడిన చేపలను కొలిచి సముద్రాన్ని అంచనా వేసినట్టు, ఎన్నడూ బయటపడనివి ఈ లెక్కలోకి రావు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, పరమాణువుకు మనస్సాక్షి లేదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో దాదాపు 9,000 మంది శత్రువుల సంకేత లిపిని ఛేదించే పనిలో ఉన్నారు. ఆ సంగతి 1974 దాకా లోకానికి విస్తారంగా తెలియలేదు. మన రేటు ప్రకారం ఆ రహస్యపు అర్ధాయువు 19 ఏళ్ళు, 29 ఏళ్ళు నిలిచే అవకాశం మూడింట ఒక వంతు. అసాధ్యం కాదు కానీ, అదృష్టం ఒక్కటే దాన్ని నిలబెట్టిందని నేను అనుకోను. తాము దాస్తున్నది న్యాయమైన పని అని వారు నమ్మారు. క్షయ స్థిరాంకం, అంటే మనం వాడిన ఆ రేటు, నిజానికి స్థిరాంకం కాదు, దాస్తున్నదాని మీద ఉన్న నైతిక అభిప్రాయాన్ని బట్టి అది మారుతుంది.

ఇక్కడే నాకు అసలు భయం మొదలవుతుంది. ఎవరికీ తప్పుగా తోచని విషయంలో ఆ స్థిరాంకం సున్నాకు చేరుతుంది. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం అలబామాలోని టస్కేగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా వ్యాధి ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చుంది. 1940ల చివరికి పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయిన తరువాత కూడా ఇవ్వలేదు. ఆ మనుషులకు నిజం చెప్పలేదు. కానీ వైద్య లోకం దగ్గర ఎవరూ ఏమీ దాచలేదు! 1936 నుంచే ఆ అధ్యయనం మీద వైద్య పత్రికల్లో వ్యాసాలు అచ్చవుతూ వచ్చాయి. ఆ విభాగంలోనే పనిచేసిన పీటర్ బక్స్టన్ 1966లో పై అధికారులకు అభ్యంతరం తెలిపినా ఫలితం లేకపోయింది. చివరికి 1972లో ఒక విలేఖరి ద్వారా అది వార్తాపత్రికలకు ఎక్కింది. బక్స్టన్ వెలికితీసినవి చాలావరకు గ్రంథాలయంలో దొరికే సంగతులే, వాటిని నేరంగా చూసిన కళ్ళు మాత్రం ఆయనవి.

అధికారం చేసే పనుల్లో అన్నిటికన్నా బలమైనది ఇదేనని నా అభిప్రాయం: కొన్నిటిని ప్రశ్నగా తలెత్తనివ్వకపోవడం. 1962లోనే పీటర్ బాక్‌రాక్, మోర్టన్ బరాట్జ్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు, నిర్ణయాలు ఎవరు తీసుకున్నారో చూసి ఊరుకోకూడదనీ, ఏ నిర్ణయం అసలు చర్చకే రాలేదో చూడాలనీ వాదించారు. మాథ్యూ క్రెన్సన్ 1971లో వెలువరించిన అధ్యయనం దీనికి చక్కని ఉదాహరణ ఇస్తుంది. ఇండియానా రాష్ట్రంలో ఈస్ట్ షికాగో, గ్యారీ అనే రెండు పక్కపక్క పట్టణాలు ఉక్కు పొగలో మునిగి ఉండేవి. ఈస్ట్ షికాగో 1949లో వాయు కాలుష్య నియంత్రణ చట్టం చేసుకుంది. గ్యారీకి 1962 దాకా పట్టింది. గ్యారీ 1906లో యు.ఎస్. స్టీల్ సంస్థ తన కర్మాగారం కోసం కట్టుకున్న పట్టణం. ఆ సంస్థ ఎవరినీ బెదిరించనక్కరలేకపోయింది, పొగ గురించి మౌనంగా ఉంటే చాలింది. సంస్థకు నచ్చదేమోనన్న ఊహే పట్టణం నోరు కట్టేసింది. ఇందులో రహస్య సమావేశం లేదు, దాచిన పత్రం లేదు, బయటపెట్టవలసిన సాక్షి కూడా లేడు. పౌరశాస్త్రం పాఠాల్లో చట్టం ఎలా పుడుతుందో నేర్పుతాం కానీ, పదమూడేళ్ళు పుట్టకుండా ఆగిన చట్టం గురించి ఒక్క వాక్యం కూడా చెప్పం.

పాఠకురాలి రెండవ ప్రశ్నకు నేరుగా సంబంధించిన కొలత ఒకటి ఉంది. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు, విటాలి, గ్లాట్‌ఫెల్డర్, బాటిస్టన్, 43,060 బహుళజాతి సంస్థల మధ్య ఎవరి వాటాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఒక జాలంగా గీశారు. ఆ జాలం నడిబొడ్డున ఒకదానిలో ఒకటి వాటాలున్న 1,318 సంస్థలు, వాటిలోనూ బాగా ముడిపడిన 147 సంస్థలు తేలాయి. మొత్తం బహుళజాతి సంస్థల విలువపై నియంత్రణలో దాదాపు 40 శాతం ఆ 147 చేతుల్లో ఉంది, వాటిలో అధిక భాగం ఆర్థిక సంస్థలే. ఇదిగో ప్రపంచాన్ని ఏలే రహస్య మండలి అని చాలామంది ఉలిక్కిపడ్డారు. కానీ ఆ పటం గీయడానికి ఎవరి ఇనప్పెట్టెనూ పగలగొట్టలేదు. వాడినది ఒక వ్యాపార సమాచార నిధి మాత్రమే. పెద్ద ముడి మరిన్ని దారాలను తన వైపు లాక్కునే లక్షణం ఉన్న ఏ జాలంలోనైనా, ఎవరూ పథకం వేయకుండానే ఇలాంటి నడిబొడ్డు ఏర్పడుతుంది. పైగా ఇతరుల పొదుపు సొమ్ముతో వాటాలు కొని ఉంచుకోవడమూ, ఆజ్ఞలు జారీ చేయడమూ ఒకటి కావు. ఈ కేంద్రీకరణ నిజమైనదే, ఆందోళన కలిగించేదే. ఒక ముడి తెగితే మిగిలినవన్నీ కదిలిపోతాయి కనుక ఇంకా ఆందోళన కలిగించేది. ఆ పరిశోధకులు వాడిన సమాచారం 2007 నాటిది. ఆ 147 పేర్లలో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూడా ఉంది, 2008 సెప్టెంబరు 15న అది దివాలా తీసింది.