తీగ గులాబీ కొసన నాలుగు పూలే పూస్తోందా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

తీగ గులాబీ నాటినవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: మొక్క గోడంత ఎత్తు పెరిగింది, పూలు మాత్రం కొసన నాలుగే ఉన్నాయి అని. చాలాసార్లు తప్పు మొక్కది కాదు. పొద గులాబీకి చేసే పనులన్నీ దీనికీ చేయడం వల్ల వచ్చే తంటా అది. విడతలు విడతలుగా పూసే తీగ గులాబీకి పొడవాటి కొమ్మలు చట్రం లాంటివి, వాటిని ఏళ్ల తరబడి ఉంచుకోవాలి. పూలు ఎక్కువగా వచ్చేది ఆ కొమ్మల కణుపుల నుంచి పుట్టే పక్క రెమ్మల మీద. ఈ సంగతి తెలిస్తే కింద చెప్పిన వాటిలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

అపోహ: తీగ కదా, ఊతమిస్తే తనంతట తానే పాకుతుంది.

చిక్కుడు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ద్రాక్ష నులితీగలతో పట్టుకుంటుంది. గులాబీకి ఈ రెండు గుణాలూ లేవు, గోడకు అతుక్కునే వేళ్లూ లేవు. వంపు తిరిగిన ముళ్లు పక్క కొమ్మలకు తగులుకుని కాస్త ఆసరా ఇస్తాయి, అంతే. కాబట్టి దీన్ని కట్టాల్సింది మనమే.

గోడ మీదైతే 2 మి.మీ. జింకు పూత ఇనుప తీగను అడ్డంగా లాగండి. మొదటి వరుస నేలకు 45 సెం.మీ. ఎత్తులో, ఆ పైన 30–40 సెం.మీ.కు ఒకటి. గోడకూ ఇనుప తీగకూ మధ్య కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే ఆకుల వెనక గాలి ఆడదు. మొక్కను గోడకు 45 సెం.మీ. దూరంలో నాటి, గోడవైపు కొద్దిగా వాల్చండి. గోడ మొదట్లో వాన పడదు, అక్కడి మట్టి ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. కొమ్మను మెత్తటి జనపనార పురికొసతో, ఎనిమిది అంకె ఆకారంలో, వేలు పట్టేంత వదులుగా కట్టండి.

కొమ్మల్ని ఇనుప తీగ వెనక్కు దోపవద్దు. ఇప్పుడు సులువుగానే ఉంటుంది కానీ, రెండేళ్లకు కొమ్మ లావెక్కి తీగలో ఇరుక్కుంటుంది. తరవాత ముసలి కొమ్మను తీయాలంటే ముక్కలు చేయాల్సిందే. ఎప్పుడూ తీగకు ముందువైపే కట్టాలి.

అపోహ: నిటారుగా పైకి కడితే త్వరగా ఎదిగి బాగా పూస్తుంది.

త్వరగా ఎదుగుతుంది, నిజమే. పూయదు. కొమ్మ కొసన ఉన్న చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. దాని ప్రభావంతో కింది కణుపులు నిద్రలోనే ఉండిపోతాయి. కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం పై రెండు మూడు కణుపులే మేల్కొంటాయి, పూలూ అక్కడే వస్తాయి. అదే కొమ్మను అడ్డంగా వంచితే కొస చిగురు పెత్తనం తగ్గి, పొడవునా చాలా కణుపులు రెమ్మలు వేస్తాయి. ఒక్కో రెమ్మకు ఒక్కో గుత్తి అనుకుంటే తేడా ఎంతో ఊహించుకోవచ్చు.

తీగ గులాబీ పెంపకంలో అన్నిటికంటే ఫలితమిచ్చే పని ఇదే. ఎరువు కంటే కూడా. అందుకే దీన్ని తొందరపడకుండా చేయాలి. మొదలు నుంచి వచ్చిన కొత్త కొమ్మ మరీ లేతగా, ఎర్రగా ఉన్నప్పుడు ముట్టుకుంటే మొదట్లోనే ఊడొస్తుంది. ముదిరి గోధుమరంగుకు తిరిగాక వంచితే విరుగుతుంది. పెన్సిలంత లావై, ఇంకా ఆకుపచ్చగా ఉన్నదే సరైన అదను. ఒక్కసారే పడుకోబెట్టకుండా, ముందు 45 డిగ్రీల ఏటవాలుకు కట్టండి. వారం పది రోజులు ఆగి ఇంకొంచెం దించండి. కావాల్సినంత పొడవు రాకముందే పూర్తిగా అడ్డంగా పడుకోబెడితే కొస ఎదుగుదల మందగిస్తుంది. కొమ్మల్ని విసనకర్రలా రెండు వైపులా పరవండి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. స్తంభం మాత్రమే ఉంటే దాని చుట్టూ మెలితిప్పుతూ చుట్టండి, పని అదే జరుగుతుంది.

అపోహ: గులాబీని ఎంత గట్టిగా కత్తిరిస్తే అంత పూత.

పొద గులాబీకి ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. తీగ గులాబీని మొదటి రెండు మూడేళ్లు కత్తిరించకపోవడమే మంచిది. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేస్తే చాలు. ఆ ఏళ్లలో మొక్క చట్రం కట్టుకుంటోంది. ఏటా నేలమట్టానికి కొట్టేస్తే ఏటా మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. ‘క్లైంబింగ్ ఐస్‌బర్గ్’ లాంటి రకాలు పొద గులాబీ నుంచి మార్పు చెంది తీగలుగా సాగినవి. వీటిని చిన్నప్పుడే గట్టిగా కత్తిరిస్తే కొన్నిసార్లు తీగ గుణం పోయి మళ్లీ పొదగా మారతాయి.

నాలుగో ఏడు నుంచి పని రెండు రకాలు. పూసిన పక్క రెమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కత్తిరించాలి. మొదలు నుంచి కొత్త కొమ్మ వచ్చిన ప్రతిసారీ, దానికి బదులుగా అన్నిటికంటే ముసలి కొమ్మ ఒకటి నేల దాకా తీసేయాలి. కొత్తది రాకపోతే పాతదాన్ని ఉంచండి. బలమైన కొమ్మలు అయిదారు ఉంటే చాలు. సమయం: చలి ప్రాంతాల్లో శీతాకాలం చివర, కణుపులు ఉబ్బుతున్నప్పుడు. చలి అంతగా లేనిచోట పెద్ద పూత ముగిసి మొక్క నెమ్మదించినప్పుడు.

అపోహ: తీగ గులాబీ అంటేనే ఏడాది పొడవునా పూస్తుంది.

కొన్ని ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, అదీ నిరుటి కొమ్మల మీద. మిగతావి విడతలుగా పూస్తాయి. ఒక విడత ముగిశాక తరవాతి దానికి సాధారణంగా ఆరేడు వారాలు పడుతుంది. ఆ మధ్యలో మొక్క పచ్చగా, పూలు లేకుండా ఉంటే అది జబ్బు కాదు. మండే ఎండల్లో ఈ విరామం ఇంకా సాగుతుంది, వచ్చిన పూలు కూడా చిన్నవవుతాయి.

దీని వెనక జన్యువు ఉంది. పూతను అణిచి ఉంచే కేఎస్‌ఎన్ అనే జన్యువులోకి మరో డీఎన్‌ఏ ముక్క దూరి దాన్ని పనిచేయకుండా చేయడం వల్లే చైనా గులాబీలకు మళ్లీ మళ్లీ పూసే గుణం వచ్చిందని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. చైనా రకమైన ‘ఓల్డ్ బ్లష్’ నుంచి తీగగా మారిన మొక్కలో ఆ ముక్క చాలావరకు ఊడిపోయి, జన్యువు తిరిగి పనిలోకి వచ్చింది. మొక్క పొడవు సాగింది, పూత తగ్గింది. సాగడానికీ పూయడానికీ మధ్య ఈ పోటీ చాలా తీగ గులాబీల్లో కనిపిస్తుంది.

అప్పుడప్పుడు అదృష్టం రెండూ ఇస్తుంది. 1910లో వచ్చిన, ప్రధానంగా ఒకసారే పూసే ‘డాక్టర్ డబ్ల్యూ. వాన్ ఫ్లీట్’ నుంచి సహజమైన మార్పుతో పుట్టిన ‘న్యూ డాన్’ విడతలుగా పూస్తుంది. 1931లో అమెరికాలో మొట్టమొదటి మొక్కల పేటెంటు దానికే దక్కింది. కొనేటప్పుడు రకం పేరు అడగండి. పేరు లేని ‘తీగ గులాబీ’ తెచ్చుకుంటే ఏది వస్తుందో చెప్పలేం.

అపోహ: ఆకులో ఏడు రెక్కలు (చిన్న ఆకులు) ఉంటే అడవి పిలకే, కోసేయాలి.

ఈ మాట నమ్మి ఎంతోమంది మంచి కొమ్మల్ని నరికేస్తున్నారు. చాలా తీగ రకాలకు ఏడు రెక్కల ఆకులు సహజం. అందునా మొదలు నుంచి వచ్చే ఆ కొత్త కొమ్మే వచ్చే ఏళ్ల చట్రం. రెక్కలు లెక్కపెట్టడం మాని మట్టి తవ్వి చూడండి. అంటు కట్టిన ఉబ్బుకు పైనుంచి వస్తే మనది. కిందనుంచి, అంటు కట్టడానికి అడుగున వాడిన వేరే గులాబీ వేరు నుంచి వస్తే పిలక. దాన్ని కత్తిరిస్తే అడుగున ఉన్న కణుపులు మళ్లీ మొలుస్తాయి, వేరు దగ్గర పట్టుకుని లాగి పెరికేయాలి. కొమ్మ నాటి పెంచిన సొంత వేరు మొక్కకు ఈ బెడదే లేదు.

అపోహ: చలికి తట్టుకునే రకమైతే ఇంకేమీ చూసుకోనక్కర్లేదు.

చలిని తట్టుకునే తీగ రకాలు నిజంగానే ఉన్నాయి. కెనడా ప్రభుత్వ పరిశోధనలో పుట్టిన ఎక్స్‌ప్లోరర్ వరుసలోని ‘జాన్ కాబట్’ (1978), ‘విలియం బాఫిన్’ (1983) ఇందుకు పేరు పొందాయి. ‘విలియం బాఫిన్’ దాదాపు మైనస్ 35 డిగ్రీల చలిని తట్టుకుంటుంది. అయితే ఆ లెక్క నేలలో వేళ్లూనుకున్న మొక్కకే. కుండీలో వేళ్ల చుట్టూ ఉన్న కొద్దిపాటి మట్టి నాలుగు వైపులా గడ్డకడుతుంది, కొమ్మ తట్టుకున్నా వేరు చస్తుంది.

అంటు మొక్కైతే అంటు ఎంత లోతున ఉందన్నదీ ముఖ్యమే. గట్టి చలి ఉన్నచోట అంటు కట్టిన చోటు మట్టికి 5 సెం.మీ. కింద ఉండాలి. వెచ్చటి చోట నేలకు కాస్త పైనే ఉంచండి.

అపోహ: ఆకులు తడిస్తే అన్ని తెగుళ్లూ వస్తాయి.

నల్ల మచ్చ తెగులుకు ఇది నిజం. ఆకు ఏకధాటిగా ఏడు గంటలు తడిగా ఉంటే శిలీంధ్రం లోపలికి దిగుతుంది. అందుకే నీళ్లు పొద్దున్నే, పాదులోనే పోయాలి. రాలిన ఆకులు ఏరి పారేయాలి, తెగులు వాటిలోనే దాక్కుంటుంది. ముళ్లు లేవని ఇష్టపడి పెంచే ‘జెఫిరీన్ డ్రూఆన్’ దీనికి తేలిగ్గా లొంగిపోతుంది.

బూడిద తెగులు దీనికి పూర్తిగా వేరు. దానికి ఆకు మీద నీటి పొర అక్కర్లేదు. పగలు పొడి, రాత్రి తేమ, గాలి ఆడని గోడమూల, వేళ్ల దగ్గర ఎండిన మట్టి ఉంటే చాలు. నీళ్లు తగ్గించి దాన్ని అదుపు చేయాలనుకుంటే ఇంకా ముదురుతుంది. వారానికి 15–20 లీటర్లు రెండు విడతలుగా లోతుగా పట్టించండి, కిక్కిరిసిన కొమ్మల్ని పలచన చేయండి. నీటిలో కలిసే గంధకం లీటరుకు 2 గ్రాములు పిచికారీ చేయవచ్చు. ఎండ 30 డిగ్రీలు దాటిన రోజున, నూనె మందులు కొట్టిన రెండు వారాల్లోపు వాడితే మాత్రం ఆకులు మాడతాయి.

అపోహ: అరటి తొక్కలు, ఎప్సమ్ సాల్ట్ వేస్తే పూత విరగబడుతుంది.

తొక్కలు కుళ్లితేనే వాటిలోని పొటాష్ వేరుకు అందుతుంది, కంపోస్టులో వేసుకోండి. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికి మందు మాత్రమే. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే ఆ లోపం అనుకోవచ్చు. లేత ఆకులు అలా మారితే ఇనుము అందడం లేదని, మట్టిలో క్షారం ఎక్కువైందని అనుమానించాలి. అప్పుడు ఎప్సమ్ సాల్ట్ వేసి లాభం లేదు. గులాబీకి మట్టి పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 6–6.8 మధ్య ఉంటే సరి. నత్రజని మితిమీరితే పొడవాటి లేత కొమ్మలూ, వాటి నిండా పేనుబంకా మిగులుతాయి.

అపోహ: కోసిన చోటల్లా మైనం, పేస్టు పూయాలి.

అవసరం లేదు, గాయం తనే మానుతుంది. కొమ్మ తొలిచే పురుగు ఉన్న తోటల్లో మాత్రం లావు కొమ్మల కోతకు పూయండి.

అపోహ: వాడిన పూలు వాటంతటవే రాలతాయి, కోయడం దండగ.

వాడిన పువ్వు కాయగా మారితే మొక్క శక్తి గింజకు పోతుంది, తరవాతి విడత వెనకబడుతుంది. గుత్తి మొత్తం వాడాక దాని కింద బాగా ఎదిగిన మొదటి ఆకుకు పైన కోయండి. అయిదు రెక్కల ఆకు దాకా దిగాలన్న నియమమేమీ లేదు. బలహీనమైన మొక్క మీద ఎన్ని ఆకులు మిగిలితే అంత మంచిది. మంచు పడే ప్రాంతమైతే మొదటి మంచుకు ఆరు వారాల ముందు నుంచి వాడిన పూలను అలాగే వదిలేయండి, నత్రజని కూడా ఆపండి. కాయ కడితే మొక్క కొత్త చిగుళ్లు వేయడం తగ్గించి ఉన్న కొమ్మల్ని ముదుర్చుకుంటుంది.