ఆయాసానికి ఇంకో బిళ్ళ వేసుకుంటే ఏమవుతుంది? థియోఫిలిన్ మాత్రలు: అపోహలు, వాస్తవాలు

రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు రావలసిన పది మాత్రల పట్టీ మూడో రోజుకే ఖాళీ అయి కౌంటరు మీదికి వచ్చిందంటే, మరో పట్టీ తీసి ఇచ్చే ముందు నేను తప్పనిసరిగా కారణం అడుగుతాను. విజయనగరంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నాకు చలి ముదిరే కొద్దీ అలా అడగవలసిన సందర్భాలు పెరుగుతాయి; వచ్చే జవాబు మాత్రం ఇంచుమించు మారదు. "రాత్రి ఆయాసం తగ్గనేదు బాబూ, మరో బిళ్ళ ఏసీసినాను. ఏటైపోద్ది?" ఏమవుతుందో కౌంటరు దగ్గర రెండు నిమిషాల్లో చెప్పడం కుదరదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఉబ్బసానికీ, సీఓపీడీకీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) డాక్టర్లు రాసే థియోఫిలిన్ మాత్రల గురించే ఇదంతా. ఆ మందు విడిగా దొరుకుతుంది, ఎటోఫిలిన్‌తో కలిపి డెరిఫిలిన్ పేరుతో దొరుకుతుంది, ఆయాసానికే వాడే మరో మందు సాల్బుటమాల్‌తో కలిపి కూడా దొరుకుతుంది.

అపోహ: ఆయాసం ఎక్కువైనప్పుడు మరో మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది.

వాస్తవం: తగ్గదు. మనవాళ్లు వాడే థియోఫిలిన్ మాత్రల్లో ఎక్కువ భాగం మందును ఒక్కసారిగా కాక 12 గంటల పాటు, కొన్ని రకాలు 24 గంటల పాటు, కొద్దికొద్దిగా వదిలేటట్లు తయారు చేసినవి. రాత్రి పదకొండు గంటలకు రొప్పుతూ మింగిన రెండో మాత్ర ఆ ఆయాసానికి అందదు. దానిలోని మందు రక్తంలో బాగా చేరేసరికి తెల్లవారుతుంది. అప్పటికి సాయంత్రం వేసుకున్న మొదటి మాత్ర కూడా ఇంకా మందు వదులుతూనే ఉంటుంది. అంటే కావలసిన సమయంలో ఉపశమనం దొరకదు, అక్కరలేని సమయంలో మోతాదు రెట్టింపవుతుంది.

ఈ మందు విషయంలో మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య పొలం గట్టు అంత సన్నని దారి మాత్రమే ఉంటుంది. మిల్లీలీటరు రక్తంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల మందు ఉండాలని దశాబ్దాల పాటు లెక్క వేసేవారు. ఇప్పుడు చాలామంది వైద్యులు అంతకంటే తక్కువలోనే, 5 నుంచి 15 మధ్యలో ఉంచడానికి ప్రయత్నిస్తున్నారు. 20 దాటిన దగ్గర నుంచి విష లక్షణాల ముప్పు పెరుగుతుంది: వికారం, ఆగని వాంతులు, తలనొప్పి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, టీ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోయేంతగా చేతి వణుకు. ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది, మూర్ఛ వస్తుంది. వయసు మళ్ళినవారిలో వాంతుల వంటి ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండానే మూర్ఛ రావచ్చు కనుక, "వాంతులు లేవు కదా, పరవాలేదు" అనే ధీమా కూడా పనికిరాదు.

అసలు ప్రమాదం ఆ లక్షణాలను ఇంట్లోవారు అర్థం చేసుకునే తీరులో ఉంది. గుండె దడనూ, కంగారునూ ఆయాసం ముదిరిందనుకుని మూడో మాత్ర ఇస్తారు. వాంతులైతే పైత్యమనో గ్యాస్ అనో తీర్మానించి దానికి వేరే మాత్ర కొంటారు. థియోఫిలిన్ వాడుతున్న మనిషికి కొత్తగా వాంతులు మొదలైతే ముందు అనుమానించవలసింది ఆ మందునే. తరువాతి మాత్ర వేయకుండా డాక్టరును అడగాలి.

పొరపాటున అదనంగా మింగినవారు "ఇప్పటికి బాగానే ఉన్నాను" అని ఇంట్లో కూర్చోకూడదు. నిదానంగా కరిగే మాత్ర కాబట్టి విష లక్షణాలు కూడా గంటల తరువాతే బయటపడతాయి. ఖాళీ పట్టీని చేతిలో పెట్టుకొని, ఎన్ని మింగారో, ఎప్పుడు మింగారో గుర్తుపెట్టుకొని, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక రాత్రి ఆయాసం వస్తే చేయవలసింది వేరు: డాక్టరు రాసి ఇచ్చిన, వెంటనే పనిచేసే పీల్చే మందును చెప్పిన ప్రకారం తీసుకొని నిటారుగా కూర్చోవాలి. దానికి లొంగకపోయినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా 108కి ఫోన్ చేయాలి. ఊపిరి అందని మనిషి చేతికి దొరికిన మాత్ర మింగడంలో ఆశ్చర్యం లేదు, అందుకు ఎవరినీ నేను తప్పుపట్టను. "రెండేస్తే దెబ్బకు తగ్గుద్ది" అని అరుగు మీద కూర్చొని సలహా ఇచ్చేవారి మీదే నాకు కోపం.

అపోహ: ఏళ్ళ తరబడి ఇదే మోతాదు వాడుతున్నాను కనుక నాకు ఎక్కువయ్యే ప్రశ్నే లేదు.

వాస్తవం: మింగే మోతాదు మారకపోయినా రక్తంలో మందు మట్టం మారుతుంది. థియోఫిలిన్‌ను ఖర్చు చేసేది ప్రధానంగా కాలేయం. ఆ వేగం మనిషి మనిషికీ, ఒకే మనిషిలో కాలం కాలానికీ మారుతూ ఉంటుంది. పొగ తాగని పెద్దవారి రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 8 గంటలు పడితే, పొగ తాగేవారిలో 4, 5 గంటలే పడుతుంది. కాలేయం దెబ్బతిన్నవారిలోనూ, గుండె బలహీనపడినవారిలోనూ అది ఒక రోజు వరకూ సాగవచ్చు.

మన ఉత్తరాంధ్రలో ఈ పొగ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చుట్ట మగవారికే పరిమితం కాదు. పూసపాటిరేగ తీర గ్రామం నుంచి వచ్చే ఒక మామ్మ నిప్పు నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగేది. మనవడు పట్టుపట్టి మాన్పించాడు. వారం తిరిగేసరికి వాంతులు, నిద్రలేమి, చేతుల వణుకు. చుట్ట మానడం ప్రాణానికి పడలేదని ఇరుగుపొరుగు తేల్చి, ఆమె చేత మళ్ళీ చుట్ట ముట్టించే ప్రయత్నంలో ఉండగా, మనవడు వాంతుల మందు కోసం నా దగ్గరికి వచ్చాడు. వాడే మందుల చీటీ చూపించమంటే అందులో థియోఫిలిన్ ఉంది. పొగ మానిన వారం రోజులకే ఈ మందును ఒళ్ళు ఖర్చు చేసే వేగం దాదాపు 40 శాతం పడిపోతుందనీ, పాత మోతాదు ఇప్పుడు ఆమెకు ఎక్కువై ఉండవచ్చనీ చెప్పి, వాంతుల మందు ఇవ్వకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన మాత్ర ఆపించి, తరువాత తక్కువ మోతాదు రాశారు. మామ్మ కోలుకుంది, చుట్ట మళ్ళీ ముట్టలేదు. చుట్ట మానడం వంటి మంచి పని మరొకటి లేదు, కానీ మానే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈ మార్పుకు కారణం పొగలోని పదార్థాలే తప్ప నికోటిన్ కాదు, కాబట్టి పొగ మానడానికి నికోటిన్ గమ్ నమిలినా లెక్క ఇదే.

జ్వరం కూడా ఇదే పని చేస్తుంది. ఒక రోజుకు మించి 102 డిగ్రీల జ్వరం నిలిచిపోతే మందు ఖర్చయ్యే వేగం తగ్గుతుంది. ఆ జ్వరానికి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు తోడైతే మట్టం ఇంకా పెరుగుతుంది. విరేచనాలకని చీటీ లేకుండా సిప్రో కొనుక్కునే అలవాటు మన ఊళ్ళలో ఎంత పాతుకుపోయిందో అందరికీ తెలిసిందే. థియోఫిలిన్ వాడేవారికి అది నిజంగా ప్రమాదకరమైన జోడింపు. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మాత్రం దీనికి వ్యతిరేకంగా మట్టాన్ని తగ్గిస్తాయి. క్షయ కోర్సు నడుస్తున్నప్పుడు థియోఫిలిన్ మోతాదు పెంచి ఉంటే, కోర్సు ముగిసిన వెంటనే మళ్ళీ సరిచూడాలి. ఈ సంగతి రోగికి ఎవరూ చెప్పని సందర్భాలు చూశాను.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. నిదానంగా కరిగే మాత్రను నూరి తేనెలో కలిపి ఇవ్వకూడదు, నమలకూడదు. అలా చేస్తే 12 గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మింగలేని పెద్దవారికి వేరే రూపంలో రాయమని డాక్టరును అడగండి. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండు వేసుకోకూడదు. టీ మాట కూడా తరచూ అడుగుతారు. ఈ పదార్థాన్ని 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకు నుంచే వేరు చేశారు కానీ, తేయాకులో అది చాలా స్వల్పం. రోజుకు రెండు కప్పులు తాగినంత మాత్రాన భయం లేదు, అలాగని టీ మందుకు బదులూ కాదు. కప్పు మీద కప్పు తాగితే మాత్రం అందులోని కెఫీన్ వల్ల దడ, వణుకు పెరుగుతాయి.

"పంపు మొదలుపెడితే మానలేం, బిళ్ళే నయం" అనేది తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే మాట. పంపు అంటే మందు పీల్చే ఇన్‌హేలర్. నిజం దీనికి విరుద్ధం. సాల్బుటమాల్ పంపు ఒక నొక్కుకు ఇచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 40 రెట్లు ఉంటుంది, అదీ ఒళ్ళంతా తిరుగుతుంది. అందుకే ఉబ్బసానికైనా సీఓపీడీకైనా ఇప్పుడు ముందు వరుసలో ఉన్నవి పీల్చే మందులే. థియోఫిలిన్ వాటి వెనుక, అవసరమైన కొందరికి మాత్రమే.

ఇదంతా చదివి బెదిరి, ఉన్నట్టుండి మాత్ర ఆపవద్దు. "ఈ మాత్ర గుండెను ఆపేస్తుంది" అనే వాట్సాప్ సందేశం చూసి ఆపేసి, ఆయాసం ముదిరాక వచ్చినవారు ఉన్నారు. సరైన మోతాదులో, గమనింపుతో ఏళ్ళ తరబడి వాడుతున్నవారూ ఉన్నారు. భయం ఉంటే "ఇది నాకు ఇంకా అవసరమా, రక్తపరీక్ష చేయించాలా" అని డాక్టరును అడగండి.

ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగేవారు ఇంకో పని చేయాలి. పేర్లు వేరైనా రెండు చీటీల్లోనూ థియోఫిలిన్ ఉండి, ఇంటి దగ్గర రెండూ వేసుకుంటున్నవారు తరచూ కనిపిస్తారు. ఇంట్లో ఉన్న పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకొని తెచ్చి ఏ ఫార్మసిస్టుకైనా చూపించండి. మాత్రలు విడిగా కొనేటప్పుడు పేరూ, గడువు తేదీ ఉన్న అంచు లేకుండా కత్తిరించి ఇస్తే తీసుకోవద్దు. ఆ అంచు లేని ముక్కను చూసి అందులో ఏ మందు ఉందో మేము కూడా చెప్పలేము.