గుర్రు మధ్యలో ఆగే ఊపిరి

దేవరకొండ

చిన్నీ, బన్నీ,

వేసవి సెలవుల్లో డాబా మీద నా పక్కన పడుకుని పొద్దున ఏమన్నారో గుర్తుందా? "తాతా, నువ్వు గుర్రు పెడుతూ పెడుతూ ఆగిపోతావు. కాసేపటికి ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెడతావు" అన్నారు. గుర్రు పెట్టి పడుకున్నాడంటే హాయిగా నిద్రపోయాడనే మన ఊళ్లో అనుకుంటారు. నానమ్మ కూడా ఇన్నేళ్లూ అట్లాగే అనుకుంది. మీ మాట మనసులో పడి హైదరాబాద్ వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను.

ఒంటికి వైర్లు తగిలించి ఒక రాత్రంతా పరీక్ష చేశారు. ఊపిరి పూర్తిగా ఆగినా, బాగా తగ్గినా, అది 10 సెకన్లయినా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 30 సార్లు దాటితే జబ్బు ముదిరినట్టు. నాకు 34 వచ్చింది. దీని పేరు స్లీప్ ఆప్నియా.

నేను ఆశ్చర్యపోయింది దీనివల్ల షుగర్ కూడా పెరుగుతుందని విన్నాకే. రాత్రి రెండు జొన్నరొట్టెలే తిన్నా పరగడుపున 118 ఉండేది. 100 లోపు ఉండాలి, 126కు చేరితే షుగర్ జబ్బే. బత్తాయి రసం కూడా మానేసి, ఇంకా ఏం తప్పు తింటున్నానా అని టెన్షన్ పడేవాణ్ణి.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు అదిరిపడుతుంది. పొలం గట్టు మీద పాము కనబడితే గుండె దడదడలాడుతుంది కదా, అచ్చం అట్లాగే అడ్రినలిన్, కార్టిసాల్ అనే, కంగారులో ఒంట్లో ఊరే హార్మోన్లు పెరుగుతాయి. పరుగెత్తే బలం కోసం కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. నేనేమో మంచం మీదే ఉంటాను, ఆ చక్కెర ఖర్చు కాదు. పైగా ఇట్లా రోజూ జరిగితే, రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్ మాటను ఒళ్లు సరిగా వినదు. గొంతు చుట్టూ కొవ్వు పెరిగినా ఆ దారి ఇరుకవుతుంది. అందుకే నన్ను బరువు తగ్గమన్నారు. కల్లు తాగితే గొంతు ఇంకా వదులవుతుందట, అదీ మానేశాను.

ఇప్పుడు ముక్కుకు మాస్క్ పెట్టుకుని పడుకుంటున్నాను. మిషన్ గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. మొదటి వారం చాలా ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు పగటి కునుకుపాట్లు పోయాయి. మిషన్ ఒక్కదానితోనే షుగర్ దిగుతుందని డాక్టరు చెప్పలేదు. నడక, తిండి జాగ్రత్త మానడానికి లేదు.

మీ నాన్న కూడా గుర్రు పెడతాడు, పొట్ట కూడా వస్తోంది. రాత్రి మంచినీళ్లకు లేచినప్పుడు కాసేపు నిలబడి వినండి. ఊపిరి ఆగుతున్నట్టు అనిపిస్తే ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. వాడితో నేను మాట్లాడతాను, డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను.

మీ తాత