ఐస్ పడగానే టీలో తీపి ఏమవుతుంది?

వేడిగా ఉన్నప్పుడు తీపి సరిపోయిన టీ, ఐస్ వేయగానే చప్పబడిపోతుంది, వగరు మాత్రం తగ్గదు, ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. ఐస్ కరిగి టీ పలచబడటం ఒక కారణం. 90 డిగ్రీల దగ్గరున్న 200 మి.లీ. టీ 5 డిగ్రీలకు దిగాలంటే సుమారు 200 గ్రాముల ఐస్ కరగాలి. అంటే నీళ్ళు రెట్టింపవుతాయి. ఐస్ మీద పోసే డికాక్షన్‌ను రెండింతలు చిక్కగా కాయమనేది ఇందుకే. కానీ చుక్క నీరు కలపకుండా ఫ్రిజ్‌లో చల్లార్చినా తీపి తగ్గినట్టే ఉంటుంది. నాకు ఇష్టమైన కథ అక్కడ మొదలవుతుంది.

చక్కెర అణువు నాలుక మీది గ్రాహకానికి తగలగానే రుచి కణం లోపల కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియం టీఆర్‌పీఎం5 అనే అయాన్ ఛానెల్‌ను తెరుస్తుంది. దాన్నొక తలుపు అనుకోండి. అది తెరుచుకుంటే సోడియం అయాన్లు లోపలికి వస్తాయి, కణంలో విద్యుత్ సంకేతం పుడుతుంది, తీపి అనే కబురు మెదడుకు చేరుతుంది. 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ ఈ తలుపు మరింత సులువుగా తెరుచుకుంటుందని 2005లో ప్రయోగాల్లో తేలింది. చల్లబడితే బిగుసుకుపోతుంది. గ్లాసులో చక్కెర అంతే ఉన్నా కబురు సన్నబడుతుంది.

వగరుకు ఈ తలుపుతో పని లేదు. టీలోని పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోట్లో జారుడు తగ్గి నాలుక పట్టేసినట్టు అనిపిస్తుంది. అది చాలావరకు స్పర్శే. తీపి తగ్గి, వగరు మిగిలితే టీ ఎలా ఉంటుందో ఆ పాఠకురాలు సరిగ్గానే చెప్పారు.

ఇదే కుటుంబంలో టీఆర్‌పీఎం8 అని మరో తలుపుంది. దాని స్వభావం పూర్తిగా వ్యతిరేకం, చలికి తెరుచుకుంటుంది. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ కూడా దాన్నే తెరుస్తుంది. మెంథాల్ ఉన్నప్పుడు ఆ తలుపు తెరుచుకోవడానికి అంత చలి అక్కర్లేదు, కాబట్టి అదే ఉష్ణోగ్రతలో ఉన్న టీ ఇంకా చల్లగా తోస్తుంది. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు విడివిడిగా ఈ తలుపును కనిపెట్టాయి. వేడి, చలి, స్పర్శల మీద చేసిన కృషికి ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. బడిలో రుచి, స్పర్శ అని వేర్వేరు జ్ఞానేంద్రియాల కింద చెప్పేసి వదిలేస్తాం. పిల్లల చేతికి పుదీనా వేసిన ఐస్ టీ ఇచ్చి ఈ పాఠం చెబితే ఎంత బాగుంటుంది!

అయితే పుదీనాలన్నీ ఒకటి కావు. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ. స్పియర్‌మింట్‌లో కార్వోన్ ఎక్కువ, దాని వాసన తియ్యగా ఉంటుంది గానీ చలవ అంతగా రాదు. నూనె ఆకు పైనున్న చిన్న చిన్న గ్రంథుల్లో ఉంటుంది కాబట్టి కాస్త నలిపి, వేడి డికాక్షన్‌లో వేసి, ఆవిరి పోకుండా మూత పెట్టాలి. నేను మరీ మరీ చెప్పేది మాత్రం వేరే పద్ధతి: ఘాటైన పుదీనా టీనే ఐస్ ముక్కలుగా గడ్డకట్టించండి. అవి కరిగేకొద్దీ టీ పలచబడదు, చలవ పెరుగుతుంది.

అల్లానిది ఇంకో తలుపు, టీఆర్‌పీవీ1. అది 43 డిగ్రీలు దాటిన వేడికి, మిరప కారానికి, అల్లంలోని జింజెరాల్‌కు తెరుచుకుంటుంది. చలిలో దాని పని మందగిస్తుంది. అందుకే వేడి టీలో చాలిన అల్లం ఐస్ టీలో చాలదు. శొంఠి వాడి చూడండి. ఎండేటప్పుడు కొంత జింజెరాల్ షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ.

పులుపును పసిగట్టే ఛానెల్ ఓటీఓపీ1. తీపి సన్నబడ్డచోట నిమ్మరసం ముందుకొస్తుంది, కాబట్టి కొద్దిగానే పిండాలి. నిమ్మ వాసన చాలావరకు తొక్కలోని నూనెలో ఉంటుంది. తురిమిన తొక్కను చక్కెరతో కలిపి నలిపి ఒక గంట ఉంచితే చక్కెర ఆ నూనెను పీల్చుకుంటుంది. దాన్ని వేడి నీళ్ళలో కరిగించి పోయండి. చల్లటి టీలో చక్కెర ఎలాగూ త్వరగా కరగదు.

వగరే ఇబ్బందైతే ఆకును చల్లటి నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పాలీఫినాల్స్, కెఫీన్ తక్కువగా దిగుతాయి. ఎండలో పెట్టే పద్ధతి నాకు నచ్చదు, ఆ గోరువెచ్చని నీళ్ళలో బాక్టీరియా పెరగగలదు. ఇక, కాచిన టీ చల్లారాక మసకబారితే పాడైందని పారబోసేవాళ్ళున్నారు. కెఫీన్, పాలీఫినాల్స్ జతకట్టి చలిలో కరగకుండా తేలడమే ఆ మసక. కాస్త వేడి నీళ్ళు కలిపితే తేటపడుతుంది.