మూలమట్టం గుర్తున్న ఉంగరంతో డబ్బు రాదు

మొన్న కాజీపేట నుంచి ఒక పిల్లగాడు మా ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో మూలమట్టం (మూల సరిగ్గా ఉందో చూసే ఎల్ ఆకారపు పనిముట్టు), కంపాస్ కలిపిన గుర్తు చూపించి, "సార్, మీరు మేసన్ అని ఎవరో చెప్పిండ్రు. సభ్యత్వానికి పద్దెనిమిది వేలు కట్టిన. ఉంగరం ఇంకా రాలేదు" అన్నాడు. నేను ఫ్రీమేసన్‌ని, అంటే ఫ్రీమేసన్రీ అనే సోదర సంఘంలో సభ్యుణ్ణి. ఆ గుర్తున్న ఉంగరం వేలికి ఉంటే అప్పులు తీరి ధనం వస్తుందని ఎవరో మెసేజ్‌లు పెట్టి నమ్మించారు. చెల్లెలి ఫీజుకు దాచిన డబ్బు అది. ఇలా నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఇతను మూడోవాడు.

అపోహ: ఆ గుర్తులో శక్తి ఉంది.

వాస్తవం: లేదు. అవి తాపీపనివాళ్ల సామాన్లు. ఫ్రీమేసన్రీలో వాటితో నడవడిక నేర్పుతారు, అంతే. మొదటి డిగ్రీలో, అంటే సభ్యత్వంలో మొదటి మెట్టులో, ఇచ్చేవి 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. కొలబద్ద అంటే రోజులోని 24 గంటలు: కొంత ప్రార్థనకు, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత ఆపదలో ఉన్నవాళ్లకు. సుత్తి మనస్సాక్షి, ఉలి చదువు. రెండో డిగ్రీలో మూలమట్టం నీతికి, చదును చూసే మట్టం సమానత్వానికి, గోడ నిలువు చూసే గుండు నిజాయితీకి గుర్తు. కంపాస్ మూడో డిగ్రీలో వస్తుంది, హద్దు దాటొద్దని చెప్పడానికి. వీటిలో డబ్బు తెచ్చేది ఏది?

మా బాపు మేస్త్రీ. హన్మకొండలో ఒక ఇంటి గోడ కడుతుంటే గుండు వేసి చూశాడు, గోడ కొంచెం బయటికి వాలింది. "ప్లాస్టర్‌ల కలిసిపోతది బాపూ" అన్నాను. ఆయన మాట్లాడకుండా మూడు వరుసలు విప్పేశాడు. ఆ రోజు కూలి మాకు మిగల్లేదు. చాలా ఏళ్ల తర్వాత లాడ్జిలో (మేసన్లు సమావేశమయ్యే శాఖలో) గుండు నా చేతిలో పెట్టినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పాఠం నాకు ఇంట్లోనే అయిపోయింది.

మతం మారుస్తారా? మార్చరు. దేవుడి మీద నమ్మకం ఉండాలి, అది ఏ మతమైనా సరే. మన దేశంలో లాడ్జిలో గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి. మతం, రాజకీయం అక్కడ చర్చించకూడదు.

దాక్కునే సంఘమా? హైదరాబాద్‌లో మేసన్ల లాడ్జి ఉన్న గోషామహల్ బారాదరి అందరికీ కనిపించే కట్టడమే. గుర్తుపట్టే సంకేతాలు మాత్రం సభ్యుల మధ్యే ఉంటాయి. ఇంట్లోవాళ్లకు భయం వేయడం సహజం, మా ఇంట్లోనూ వేసింది. అడగండి, చెప్తాం.

చేరాలంటే మీరే తెలిసిన సభ్యుణ్ణి అడగాలి. మనిషిని కలుస్తారు, విచారిస్తారు, సభ్యులు ఓటు వేస్తారు. రుసుము ఉంటుంది, కానీ దాన్ని లాడ్జికి కడతాం. ముఖం తెలియనివాడి ఖాతాకు కాదు. ధనం ఇస్తామని ఎవరైనా అన్నారంటే అది మోసమే.

డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే అది ఖాతాలు మారిపోతుంది. ఈ పిల్లగాడు సిగ్గుపడి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నా పక్కనే కూర్చోబెట్టుకుని ఫోన్ చేయించాను.