ఆ నవల్లో శత్రువుకి పేరు ఎందుకు లేదు

జాన్ మార్స్‌డెన్ రాసిన 'టుమారో, వెన్ ద వార్ బిగాన్' 1993లో వచ్చింది, ఆస్ట్రేలియాలో ఓ తరం మొత్తం దాన్ని స్కూల్లో ఉండగానే చదివేసింది. కథ సింపులే. విర్రావీ అనే ఊహల్లో ఊరు, ఎల్లీ అనే రైతు కూతురు సెలవుల్లో ఫ్రెండ్స్‌ని వేసుకుని కొండల్లోకి క్యాంపింగ్‌కి పోతుంది, ఒక రాత్రి లైట్లు లేని విమానాలు గుంపులు గుంపులుగా నెత్తి మీంచి పోతాయి, వీళ్లు పెద్దగా పట్టించుకోరు. తిరిగొచ్చేసరికి ఇంట్లో మనిషి జాడ లేదు, కరెంట్ లేదు, ఫోన్ పలకదు, కట్టేసిన కుక్కలు కట్టేసిన చోటే చచ్చి పడున్నాయి. ఊళ్లో పెద్దవాళ్లందర్నీ ఏదో పరాయి సైన్యం షోగ్రౌండ్‌లో, అంటే ఏటా పశువుల ప్రదర్శన జరిగే మైదానంలో, బంధించేసింది. ఇక తిండి వెతుక్కునేదీ పిల్లలే, యుద్ధం చేసేదీ పిల్లలే. గడ్డి కోసే మెషిన్ పెట్రోల్ ట్యాంక్‌ని బాంబులా పేల్చి ఎల్లీ సైనికుల్ని చంపుతుంది, ఆ పని చేసినందుకు లోపల్లోపల నలిగిపోతుంది కూడా.

మొత్తం ఏడు పుస్తకాలు, 1999 దాకా వచ్చాయి. అన్ని పేజీల్లో ఆ సైన్యం ఏ దేశానిదో ఒక్కసారి కూడా చెప్పడు. రేడియోలో మాత్రం ఈ ప్రాంతంలో ఉన్న అసమానతల్ని సరిచెయ్యడానికే వచ్చామంటారు. చాలామంది దీన్ని రచయిత తెలివి అంటారు గానీ నాకైతే అసలు చెప్పాల్సిన అవసరమే లేదనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి రీడర్‌కి ఆ ఖాళీలో ఏం రాసుకోవాలో ముందే తెలుసు.

ఆ భయం చాలా పాతది. చైనావాళ్లో జపాన్‌వాళ్లో దండెత్తి వచ్చేస్తారనే నవలలు అక్కడ 1880ల నుంచే వస్తున్నాయి. 1901లో ఆరు కాలనీలు కలిసి ఒక దేశం అయ్యాయి, అదే ఏడాది వలసల్ని ఆపే చట్టం తెచ్చారు, తెల్లవాళ్లు కానివాళ్లని రానివ్వకూడదన్నదే దాని ఉద్దేశం, కాకపోతే అలా బాహాటంగా రాయకుండా డిక్టేషన్ టెస్ట్ అని పెట్టారు. ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాలు చదువుతారు, తప్పు లేకుండా రాయాలి, ఏ భాష అన్నది ఆఫీసర్ ఇష్టం. ఇంగ్లీష్ వచ్చినవాణ్ని ఇంకో భాషలో పరీక్షించొచ్చు, ఇంక పాసయ్యేదెవడు? మన ఇండియా వాళ్లనీ ఇదే గేటు దగ్గర ఆపారు. ఆ టెస్ట్ 1958 దాకా ఉంది, వైట్ ఆస్ట్రేలియా పాలసీ పూర్తిగా పోయింది 1973లో. ఇవాళ మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనుక్కుని సెటిలైన మన తెలుగువాళ్ల పిల్లలు ఈ నవల చదివేటప్పుడు ఈ సంగతి తెలిసుంటే వేరేగా చదువుతారేమో.

భయం నిజమైనంత పని అయింది 1942లో. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, నాలుగు రోజులకే జపాన్ విమానాలు ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో ఉన్న డార్విన్ మీద పడ్డాయి. పెర్ల్ హార్బర్ దాడి నడిపిన ఫుచిదానే ఇక్కడా ముందున్నాడు, 235 మంది దాకా చనిపోయారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ అంతకుముందు డిసెంబర్ నుంచే ఊరు దాటించడం మొదలుపెట్టారు కాబట్టి సరిపోయింది. ప్రభుత్వం మొదట చావుల లెక్క బాగా తగ్గించి చెప్పింది. మే 31 రాత్రి బుల్లి సబ్‌మెరైన్లు సిడ్నీ హార్బర్‌లోకే దూరాయి, 21 మంది నావికులు పోయారు. బ్రిస్బేన్‌కి పైనున్న భాగాన్ని శత్రువుకి వదిలేద్దామని పాత ప్రభుత్వం ప్లాన్ వేసిందని ఒక మంత్రి ఆరోపించాడు, 1943లో దాని మీద రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వ విచారణ సంఘం, వేశారు, ఆరోపణ నిలబడలేదు. నిజానికి దండెత్తుదామని జపాన్ నేవీలో కొందరన్నా అన్ని డివిజన్లు మా దగ్గర లేవని వాళ్ల ఆర్మీయే కొట్టిపారేసింది.

మార్స్‌డెన్ 1950లో పుట్టాడు, అంటే ఈ కబుర్లు వింటూ పెరిగినవాడే. యాంజాక్ డే, అంటే యుద్ధాల్లో పోరాడినవాళ్లని తలుచుకునే రోజు, పరేడ్ చూస్తూ, ఇప్పటి పిల్లలకి అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారని ఆలోచించడంతో నవల మొదలైందట. టీనేజర్లంటే బద్ధకస్తులు, పనికిరానివాళ్లు అనే మాట ఆయనకి అస్సలు నచ్చేది కాదు. కొండల మధ్య ఉన్న టింబర్‌టాప్ స్కూల్లో ఇంగ్లీష్ టీచర్‌గా చేశాడు (అప్పటి ప్రిన్స్ చార్లెస్ 1966లో కొన్నాళ్లు చదివింది ఇక్కడే), బ్యాగ్ భుజానేసుకుని అడవుల్లో తిరిగే పిల్లల్ని దగ్గర్నుంచి చూసినవాడు కాబట్టే ఆ క్యాంపింగ్ పేజీలు అంత సహజంగా వచ్చాయి.

జనం తక్కువ మాట్లాడే సంగతి ఇంకోటుంది. 1992 జూన్ 3న మాబో కేసులో అక్కడి హైకోర్టు తీర్పిచ్చింది, తెల్లవాళ్లు రాకముందు ఈ నేల ఎవరిదీ కాదన్న వాదన తప్పు, ఆదివాసులకి హక్కు ఉందని. 1993 చివర్లో ఆదివాసుల భూమి హక్కుల మీద నేటివ్ టైటిల్ చట్టం పాసయింది. అంటే నవల వచ్చిన ఏడాది దేశమంతా భూమి గొడవే, తమ పొలాలు పోతాయేమోనని రైతులకి గుబులు. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి మా పొలం లాక్కున్నారని ఒక రైతు కూతురు చెప్పే కథ వచ్చింది, ఆ నేల మీద 1788లో బ్రిటిష్‌వాళ్లు దిగినప్పుడు ఆదివాసులకి జరిగింది కూడా అదే కదా. మార్స్‌డెన్ కావాలనే అలా రాశాడని నేను అనను గానీ ఈ రెండిటినీ విడదీసి చూడటం నావల్ల కావట్లేదు.

2010లో సినిమా తీసినప్పుడు ఈ దాపరికం చెల్లలేదు, తెర మీద సైనికుడికి ఏదో ఒక మొహం ఉండాలి, ఆసియా మొహాలు పెట్టారు, అనుకున్నట్టే గొడవైంది. పుస్తకాల్లో మాత్రం చివరికి గెలుపు అంటూ ఏమీ ఉండదు. సంధి కుదురుతుంది, దేశాన్ని రెండుగా కోస్తారు, ఎల్లీ వాళ్ల పొలంలో కొంత ముక్కే మిగులుతుంది.