మానిటర్ బ్రైట్‌నెస్‌కి నాబ్: ఏ పాట్ కొనాలి?

మానిటర్ వెనక తడుముకుంటూ బటన్లు నొక్కలేక విసిగిపోయాను, ఆర్డ్యూయినోతో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) బ్రైట్‌నెస్‌కి ఒక నాబ్, కాంట్రాస్ట్‌కి ఒక నాబ్ పెట్టుకుంటాను, ఏ పొటెన్షియోమీటర్ (నాబ్ కింద ఉండే, తిప్పితే వోల్టేజీ మారే భాగం, పొట్టిగా పాట్) కొనమంటారు అని ఒక పాఠకుడు అడిగారు. షాపులో బి10కె అని అడగండి. అంటే లీనియర్ (ఎంత తిప్పితే అంతే సమానంగా మారేది), 10 కిలో ఓమ్‌లు.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో చెక్కబల్ల మీద వరుసలుగా బిగించిన తీగ, దాని మీద జాకీ జరుపుతూ గాల్వనోమీటర్ ముల్లు సున్నా దగ్గర ఆగే చోటు వెతకడం గుర్తుందా? ఆ తీగ బదులు కార్బన్ పూతని గుండ్రంగా వేసి, జాకీని ఇరుసుకి తగిలిస్తే అదే రేడియో వాల్యూమ్ నాబ్! రికార్డులో బొమ్మ వేయించారు గానీ ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ ప్రయోగం ఎంత ఇష్టంగా చేసేవాళ్లమో.

ఒక చివర 5 వోల్టులు, ఇంకో చివర సున్నా, జాకీకి కలిపిన మధ్య కాలుకి వచ్చేది నిష్పత్తి. తాటిచెట్టు సగం ఎక్కిన మనిషి, చెట్టు 30 అడుగులదైనా 60 అడుగులదైనా సగంలోనే ఉంటాడు. అందుకే పాట్ మీద 10 కిలో అని ఉండి లోపల 8 ఉన్నా, 12 ఉన్నా రీడింగ్ మారదు. సప్లై కాస్త ఊగినా మారదు, ఎందుకంటే ఆర్డ్యూయినో కొలిచేదీ అదే 5 వోల్టులతో, చెట్టుతో పాటే కొలబద్దా సాగుతుంది.

అలాగని ఏదైనా పనికొస్తుందా అంటే, రాదు. 100 ఓమ్‌లదైతే 50 మిల్లీ ఆంపియర్లు లాగి పావు వాటు వేడి పుట్టిస్తుంది. 1 మెగా ఓమ్‌దైతే, ఊనో అనే ఆర్డ్యూయినో బోర్డులోని ఏటీమెగా328పి చిప్ కొలిచే ముందు తన లోపలి బుల్లి కెపాసిటర్‌ని నింపుకోవాలి, అది సరిగ్గా నిండాలంటే ఎదురు నిరోధం 10 కిలో లోపుండాలి. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు పాట్ చూపేది మొత్తంలో నాలుగో వంతు: మన దానికి 2.5 కిలో, మెగా ఓమ్‌కి 250 కిలో, అందుకే దాంతో రీడింగ్ సరిగ్గా రాదు.

కంటికి 10 నుంచి 20కి, 50 నుంచి 100కి మార్పు దాదాపు ఒకేలా అనిపిస్తుంది కదా, ఆడియో పాట్ (ఎ10కె, మొదట్లో నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరిగేది) కొనొచ్చుగా అంటారేమో. అది సగం తిప్పినా 10, 15 శాతమే చేరుతుంది, అంటే ఆర్డ్యూయినో కొలిచే 1024 మెట్లలో మహా అయితే నూటయాభై చిల్లర. పైగా చవక వాటిలో అది నిజమైన వంపు కాదు, రెండు మూడు సరళరేఖల అతుకు. లీనియరే కొని ప్రోగ్రాంలో ఆ నిష్పత్తిని వర్గం చేయండి, సగం తిప్పితే 25 శాతం వస్తుంది.

స్క్రూడ్రైవర్‌తో తిప్పే ట్రిమ్‌పాట్ వద్దు, చాలా వాటికి 200 తిప్పుళ్లే ఆయుష్షు. ఇంకోటి, రీడింగ్ రెండు అంకెల మధ్య ఊగుతూ ఉంటే మానిటర్‌కి ఆగకుండా కమాండ్లు పోతాయి, కాబట్టి కనీసం 8 మెట్లు కదిలితేనే పంపేలా రాసుకోండి.